నౌక లోపలి నలుపు

మా ముందు గదిలో, బీరువా మీద, నా మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా పొడవుండే ఒక ప్లాస్టిక్ అంతరిక్ష నౌక ఉంది. పొద్దుగూకే వేళ అమ్మ దేవుడి గూట్లో దీపం పెడుతుంది, నేను ఆ నౌక స్విచ్చి వేస్తాను. ఏళ్లుగా ఇదే వరస. మొన్న అమ్మ దీపం పెట్టింది, నేను స్విచ్చి వేశాను, నౌక వెలగలేదు. తీసి మళ్లీ వేశాను. ప్లగ్గు ఊడదీసి తుడిచి పెట్టాను. లేదు. మంచం మీద కూర్చున్న బాపు, అంటే మా నాన్న, ఎప్పటిలాగే ముఖం అటు తిప్పి, "పడ్డదా?" అని అడిగాడు. లైటు పడ్డదా అని. బాపుకు చూపు లేదు. అది వెలిగిందో ఆరిందో మా ఇంట్లో తెలియనివాడు ఆయనొక్కడే. అది ఉన్నదీ ఆయనొక్కడి కోసమే.

నేను రోజూ డైరీ రాస్తాను. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని, రాయకపోతే రోజు గడిచినట్టుండదు. వెనక గదిలో బియ్యం డబ్బా చాటున కూర్చుని, కాలేజీ పుస్తకాల అట్టలు తొడిగి నవలలు చదివేదాన్నని అమ్మకు ఇప్పటికీ తెలియదు, లేక తెలిసీ అనలేదు. మొన్న లైటు ఆరాక ఆ కాలం నాటి డైరీలు తీసి చూశాను. నౌకకు లైట్లు పెట్టిన ఆ నెలల్లో వాన పడిందని ఉంది, కాలేజీ బస్సు రాలేదని ఉంది, అల్లం లారీలు వీధిలోకి వచ్చాయని ఉంది. నౌక మాటే లేదు. బాపు కళ్ల మాట అసలే లేదు. కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయపడి ఉంటాను. పెట్టకపోయినా నిజమైంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఇల్లు జహీరాబాద్‌లో హైవేకు రెండు వీధుల వెనక. ముంబై వైపు పోయే లారీ ఏదైనా గుంతలో పడి లేస్తే మా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. తెల్లవారకముందే అమ్మ జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. అల్లం తవ్వే కాలంలో వీధంతా తడిమట్టీ అల్లమూ కలిసిన ఘాటు. వీటన్నిటి మీదా ఇంకో వాసన ఉండేది, అది బాపుది. బాపు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పెయింటు సెక్షన్‌లో పనిచేసేవాడు. సాయంత్రం రాగానే వాకిట్లోనే నిలబడి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో గోళ్ల సందులు తుడుచుకుని, తర్వాత సబ్బు, ఆ తర్వాత గుప్పెడు బియ్యప్పిండి పట్టించి కడుక్కునేవాడు. అయినా థిన్నరు వాసన పోయేది కాదు. "నా కొడుకు వీధి మలుపు తిరగకముందే వాని వాసన ఇంట్లకొస్తది" అనేది అవ్వ. అవ్వ అంటే బాపు తల్లి. పుట్టిల్లు బీదరు వైపు, అందుకని సగం మాటలు కన్నడంలో దొర్లేవి. వడ్డిస్తుంటే "సాకు, సాకు" అని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది, చాలు చాలని.

బాపుకు ఒక అలవాటు ఉండేది. రంగు వేసిన వస్తువు ఏది కనబడినా మెడ వంచి, పక్క నుంచి, దాని మీద వెలుతురు జారే తీరు చూసేవాడు. పెళ్లిలో పెట్టిన బీరువా, ఆర్టీసీ బస్సు తలుపు, పక్కింటి వాళ్ల కొత్త గేటు, ఏదైనా సరే. చూసి నాకు మాత్రమే వినబడేటట్టు తీర్పు చెప్పేవాడు. "కారింది" అంటే పెయింటు జారి చార కట్టిందని. లేదా, "నారింజ తొక్క లెక్కున్నది" అంటే నున్నగా రాక గరుకు తేలిందని. నేను పదాలు ఇష్టపడే పిల్లను కాబట్టి ఆ తీర్పులు నాకు భలే నచ్చేవి. ఇద్దరం మాట్లాడుకునేది తక్కువే. ఆయనకూ మొహమాటమే, నాకూ మొహమాటమే. చూపుడు వేలుతో ఒకరికొకరం చూపించుకోవడమే మా మాట.

ఆ నౌక కిట్టు మా ఇంటికి ఎలా వచ్చిందంటే, కొత్త పెయింటు మిషన్లు బిగించడానికి విదేశం నుంచి ఒక ఇంజనీరు ఫ్యాక్టరీకి వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు తన సామాన్లలో బరువైనవన్నీ తలా ఒకటి ఇచ్చి పోయాడట. ఒకరికి రగ్గు, ఒకరికి కెటిల్, బాపుకు ఈ పెట్టె. పెట్టె మీద నల్లటి ఆకాశంలో తెల్లటి నౌక బొమ్మ, వరసలు వరసలుగా వెలుగుతున్న కిటికీలు. లోపల మాత్రం చింతకాయల గుత్తుల్లా చట్రాలకు వేలాడుతున్న తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఆదివారాలు బాపూ నేనూ అమ్మ రొట్టెల పీట బోర్లించి దాని మీద పెట్టుకుని అతికించేవాళ్లం. ఆ జిగురు మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. వేలు తగిలితే వేలిముద్ర అందులోనే ఉండిపోతుంది. అతుకులు ఆరాక బాపు చిన్న పెయింటు గన్నుతో పైన తెలుపు కొట్టాడు. పలచగా, ఒక పూత ఆరాక ఇంకో పూత. "మందం కొడితె దాపెట్టుకున్నట్టుంటది బిడ్డా. పలచగ కొట్టాలె" అన్నాడు.

కిటికీలు మాత్రం ఉత్త గుంటలే. వెలుగు లేదు. పెట్టె మీది బొమ్మలా లైట్లు పెడదామని నేను అడిగాను. పెడదాం, జర ఆగు అన్నాడు. దసరా అయినాక అన్నాడు, ఎండలు తగ్గినాక అన్నాడు, నా పరీక్షలు అయినాక అన్నాడు. నేనూ గుర్తు చేయడం మానేశాను. ఏటా దసరాకు ఆయుధ పూజ రోజు అవ్వ ఇంట్లో పనిముట్లన్నీ వరసగా పెట్టించేది. బాపు బ్రష్షులు, పెయింటు గన్ను, అమ్మ రొట్టెల పెంక, కత్తిపీట, సైకిలు. ఆ వరసలో చివర నౌకను కూడా పెట్టి దాని ముక్కు మీద పసుపు రాసి బొట్టు పెట్టేది. వద్దని బాపు మొత్తుకుంటే, "ఇది గూడ బండే గద కొడకా. ఏ బండికి మొక్కకపోయినా అలుగుతది" అనేది. తెలుపు మీద పసుపు పట్టేసింది. మొదట్లో స్పిరిట్‌తో తుడిచేవాడు, తర్వాత తుడవడం మానేశాడు.

బాపుకు షుగరు ఉందని మాకు తెలుసు. కళ్లను తింటోందని తెలియదు. ఒక రోజు ఆయన చూసి సరేనన్న ట్రాక్టరు బానెట్టు మీద, కింది అంచున, పెయింటు కారి గడ్డకట్టి ఉందట. వేరే ఎవరో పట్టుకుని వెనక్కి పంపారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి బాపు కిరోసిన్ గుడ్డ పట్టుకుని చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. ఆ తర్వాత కళ్ల ముందు నల్లటి దారాలు తిరుగుతున్నాయన్నాడు. తర్వాత, నీళ్లలో సిరా పోసినట్టుందన్నాడు. హైదరాబాదులో కళ్ల దవాఖానకు బస్సులో పోవడం, లేజర్లు, సూదులు, ఆపరేషను. అమ్మ అప్పటికే హైవే మీది హోటళ్లకు రొట్టెలు చేసివ్వడం మొదలుపెట్టింది, కాబట్టి ఆయన వెంట వెళ్లేది నేనే. బస్సులో పక్క సీటు మనిషిని జరగమనడానికే గొంతు పెగలని నేను, దవాఖానలో ప్రతి కిటికీ దగ్గరా నిలబడి బాపు పేరు గట్టిగా చెప్పాల్సి వచ్చేది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాన్ని డాక్టరు చీకటి గదిలో పరీక్షించేవాడు. చిన్న టార్చి ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి పైనుంచి వేసి, వెలుగు ఎటు ఉందో వేలితో చూపించమనేవాడు. బాపు వేలు, బడిలో జవాబు చెప్పబోయే పిల్లవాడి వేలులా, జాగ్రత్తగా లేచేది. సరిగ్గానే చూపించాడు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇక మిగిలింది అదేనని, మనుషులూ అక్షరాలూ కనబడవని, వెలుగు ఎటు ఉందో మాత్రం తెలుస్తుందని, అది కూడా ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేనని అన్నాడు. తిరుగు బస్సు సదాశివపేట దాటింది. బాపు కిటికీ వైపు ముఖం పెట్టి, "ఆ బొమ్మకు లైట్లు పెడదామనుకున్నం గద బిడ్డా. పెట్టనే లేదు" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నాకు అప్పుడు ఇంకేమీ చేతిలో లేదు. ఆ కంటిని నేను బాగు చేయలేను. కానీ ఆ వెలుగు పోయేలోపు ఆ నౌకలో లైట్లు వెలిగించి ఆయనకు చూపించగలను. అదొక్కటి చేయకపోతే ఇంక నేను దేనికని అనిపించింది. ఫోనులో వీడియోలు చూశాను. ఎక్కడెక్కడి దేశాల్లోనో శుభ్రమైన బల్లల ముందు కూర్చున్న మనుషులు ఇలాంటి నౌకలకే లైట్లు పెడుతున్నారు. కిట్టు చేసిన కంపెనీ ఇవ్వని భాగాలను వేరేవాళ్లు చేసి అమ్ముతారని అప్పుడే తెలిసింది. ఆకుకన్నా పలచటి ఇత్తడి రేకులో చెక్కిన కిటికీ చట్రాలు, ఇంజన్లకు పెట్టే అచ్చుపోసిన గరాటులు, వెలుగును ఒక కొస నుంచి ఇంకో కొసకు మోసుకుపోయే జుట్టులాంటి పారదర్శక దారం. అన్నీ తెప్పించాను. కొరియరు పొట్లం వచ్చిన రోజు అమ్మ పిండి చేతులతోనే వచ్చి చూసి, "ఆ కండ్లల్ల మందు పొయ్యాలె గని, ఈ బొమ్మకు సొమ్ములేందే?" అంది. కోపంగా కాదు. అడగడానికి ఇంకెవరూ లేనట్టు అడిగింది. నేను పొట్లం విప్పుతూనే ఉన్నాను.

అతుక్కుపోయిన నౌకను మళ్లీ రెండుగా విప్పాలి. బాపు అతికించిన తీరుకు అతుకు ఎక్కడుందో నా కళ్లకు కనబడలేదు. నౌకను ఆయన ఒళ్లో పెట్టాను. బొటనవేలు పొట్ట మీదుగా మెల్లగా జరిగి ఒకచోట ఆగింది. "ఇక్కడ" అన్నాడు. "నా పనిని నువ్వే కోస్తున్నవ్, జర మంచిగ కొయ్" అని నవ్వాడు కూడా. బ్లేడుతో గీసి గీసి విప్పాను. లోపల, ఎవరూ చూడని చోట, కరిగి గట్టిపడ్డ జిగురులో ఒక బొటనవేలి ముద్ర ఉంది, గీతలతో సహా. బాపుది.

వీడియోల్లో అందరూ ఒకటే మాట చెప్పారు. లైట్లు పెట్టేముందు నౌక లోపలంతా నల్ల రంగు వేయాలి. లేకపోతే ప్లాస్టిక్ గుండా వెలుగు కారిపోతుంది, నౌక మొత్తం కాగితం లాంతరులా మెరిసి నవ్వులపాలవుతుంది. కిటికీల్లోంచి మాత్రమే వెలుగు రావాలి, అదీ పనితనం. అలాగే చేశాను. ఎండకు పట్టి చూసి, ఎక్కడా గీతంత వెలుతురు రాకుండా రెండోసారి, మూడోసారి నలుపు పూశాను. వేలిముద్ర మీద కూడా. చేత్తో తిప్పే సన్నటి డ్రిల్లుతో ఒక్కో కిటికీ తొలిచాను. ఇత్తడి చట్రాలు అంటించాను. బియ్యం గింజంత లైట్లకు వైర్లు అతికిస్తుంటే వచ్చే పొగకు అవ్వ తుమ్మి, "నీ బండి లేవకముందే మేము లేస్తం పైకి" అనేది. బాపు పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు, ఇప్పుడేం చేస్తున్నావు అని అడిగేవాడు. చెప్పేదాన్ని. ఆ రోజుల్లో మేము మాట్లాడుకున్నంత అంతకుముందెప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ లోలోపల నాకు ఒకటే భయం. పొద్దున లేవగానే ఆయన ముఖం కిటికీ వైపు తిరుగుతుందా లేదా అని చూసేదాన్ని. తిరిగితే ఆ రోజుకు బతికాననుకునేదాన్ని.

ఆయుధ పూజ నాటికి పూర్తి చేశాను. ఏదైనా సరిదిద్దాల్సి వస్తుందేమోనని నౌకను జిగురుతో మూయకుండా టేపుతోనే మూశాను. అవ్వ వరసలో ఆ ఏడు బాపు బ్రష్షులు కూడా ఉన్నాయి, గట్టిపడిపోయి. కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాను. బాపును నౌక ముందు కూర్చోబెట్టాను. అమ్మ గుమ్మంలో, అవ్వ పీట మీద. "వేస్తున్న బాపూ" అని స్విచ్చి వేశాను. టక్కుమని చప్పుడైంది. అంతే. లోపల ఎక్కడో వైరు ఊడినట్టుంది, ఒక్క లైటు కూడా వెలగలేదు. ఆ మాట చెప్పబోయేలోపే బాపు రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగాడు.

"అబ్బ," అన్నాడు. "ఎంత మంచిగున్నయి బిడ్డా. కిటికీలన్ని ఒక్కసారే పడ్డయి."

గదిలో చీకటి అలాగే ఉంది. అవ్వ "యాడ పడ్డ..." అని మొదలుపెట్టింది. అమ్మ వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అవ్వ ఆగిపోయింది. బాపు ఇంకా ఆ వెలగని నౌక వైపే చూస్తూ నవ్వుతున్నాడు. నా కోసం నవ్వుతున్నాడు. నేను స్విచ్చి తీసేశాను. దుప్పట్లు విప్పాను. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఆ పూట భోజనంలో ఎవరం ఎవరి ముఖం చూడలేదు.

మర్నాడు వైరు సరిచేశాను. లైట్లు వెలిగాయి. నిజంగా చాలా బాగున్నాయి. పెట్టె మీది బొమ్మలో ఉన్నట్టే వరసలు వరసలుగా సూది మొనలంత కిటికీలు. బాపు నిద్రపోయి లేచాక, చెప్పకుండా, వెలుగుతున్న నౌకను ఆయన ముఖం దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ముఖం కదలలేదు. ఇంకా దగ్గరికి. "ఎవలు, బిడ్డానా?" అని నేను లేని వైపు తిరిగి అడిగాడు. నేను బియ్యం డబ్బా చాటుకు పోయి కూర్చున్నాను. చాలాసేపటికి అర్థమైంది. నేను వెలుగునంతా లోపల బంధించాను. ఒక్క చుక్క కూడా కారకుండా, ఎంతో శ్రద్ధగా. ఆయన కంటికి కావలసింది కిటికీ కాదు. కారిపోయే వెలుగే.

హైవే పక్కన లారీలకు లైట్లు, కుచ్చులు, అద్దాలు బిగించే దుకాణం ఒకటుండేది. దాని ముందు నుంచి పోవాలన్నా నేను తల దించుకుని పోయేదాన్ని. ఆ రోజు లోపలికి పోయాను. డ్రైవర్లు టీ తాగుతూ నిలబడ్డారు. అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే పట్టీ లైట్లు కావాలన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. సేటు, "ఏ బండికి బిడ్డా? పది టైర్లదా, పన్నెండు టైర్లదా?" అన్నాడు.

"టైర్లు లెవ్వు" అన్నాను.

"టైర్లు లేని బండి యాడికి పోతది?"

"పైకి పోతది సేట్" అన్నాడు ఒక డ్రైవరు. అందరూ నవ్వారు. నాకూ నవ్వు రావాలి, నిజంగా పైకి పోయే బండే అది. కానీ కళ్లలో నీళ్లు వచ్చాయి. "మా బాపుకు చూపు పోతున్నది. జర వెలుగే తెలుస్తది. ఆయనకు కనవడాలె" అన్నాను. అంత పొడుగు మాట నేను పరాయి వాళ్ల ముందు అనడం అదే మొదలు. నవ్విన డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. సేటు లోపలి నుంచి ఒక లైట్ల పట్టీ చుట్ట తెచ్చి బ్యాటరీకి తగిలించి చూపించాడు. నేను కళ్లు మూసుకోవాల్సి వచ్చింది. "గిది కొంటవోయి పెట్టు. ఎదురుంగ వచ్చెటోడు కండ్లు మూస్కుంటడు" అన్నాడు.

తర్వాత నేను చేసిన పని ఆ వీడియోల్లోని మనుషులు చూస్తే తిట్టుకుంటారు. నౌక విప్పి, లోపలి నలుపంతా గీకాను. బ్లేడుతో, గరుకు కాగితంతో, చెంచా కాడతో. పూయడానికి పట్టిన దానికన్నా గీకడానికి ఎక్కువ కాలం పట్టింది. ఇత్తడి చట్రాలు ఊడిపోయాయి, కొన్ని విరిగాయి. జుట్టులాంటి దారాలు పీకి పారేశాను. ఎంత గీకినా ఒకచోట మాత్రం నలుపు పోలేదు, బాపు వేలిముద్ర గీతల్లో. అక్కడ గీకితే ముద్ర పోతుంది, వదిలేశాను. లారీ లైటు పట్టీ లోపల పాములా చుట్టి పెట్టి, ఈసారి నౌకను జిగురుతోనే మూశాను. ఒక సాయంత్రం అమ్మ తలుపులు తనే మూసి, దుప్పట్లు తనే కట్టింది. వేస్తున్నానని ఈసారి చెప్పలేదు. బాపు నోటితో ఏమీ అనాల్సిన అవసరం లేకుండా చూడాలనుకున్నాను.

స్విచ్చి వేశాను. నౌక ముక్కు నుంచి తోక దాకా మొత్తం తెల్లగా మండింది. కిటికీలు కనబడలేదు, వివరమేదీ కనబడలేదు, గది గోడలన్నీ తెల్లబడ్డాయి. బాపు పలచగా కొట్టిన ఆ పూతల గుండా వెలుగు అడ్డు లేకుండా వచ్చింది. మందంగా కొట్టి ఉంటే వచ్చేది కాదు. నౌకకు ఒక పక్కన బొటనవేలంత మసక మచ్చ. నేను నౌకను ఎత్తి పట్టుకుని, డాక్టరు టార్చిని జరిపినట్టు, చప్పుడు కాకుండా ఎడమవైపు నడిచాను. బాపు ముఖం ఎడమకు తిరిగింది. కుడికి నడిచాను. కుడికి తిరిగింది. పైకెత్తాను. ఆయన గడ్డం పైకి లేచింది. వైరు అందినంత దూరం ఆ గదిలో నౌక ఎగిరింది, ఆయన ముఖం దాని వెంట తిరిగింది. అమ్మ గుమ్మంలో కూర్చుండిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగో, ఇప్పుడు పడ్డది" అన్నాడు బాపు. "మొన్నది నేను ఊకె అన్న బిడ్డా. నాకేం కనవడలె."

"నాకెరుకనే బాపూ. మొన్న అది వెలగనే లేదు."

ఆయన నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, రెంటికీ మధ్య ఆగలేదు. "కారుతున్నట్టున్నది గద, వెలుగు?" అన్నాడు. "గట్లనే ఉండనియ్."

ఆ చూపు ఎంతో కాలం ఉండలేదు. చలికాలం పోయి ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం నేను నౌకను ఎడమకు జరిపితే ఆయన ముఖం కుడి వైపే ఉండిపోయింది. నేను జరిపానని ఆయనకు తెలియదు. నేను తిరిగి దాన్ని బీరువా మీద పెట్టేశాను. ఇంకెప్పుడూ జరపలేదు. ఆ వెలుగూ పోయిందని ఆయన కూడా చెప్పలేదు. అయినా ప్రతి సాయంత్రం స్విచ్చి చప్పుడు వినగానే ముఖం బీరువా వైపు తిప్పుతాడు, "పడ్డదా?" అంటాడు, నేను పడ్డది అంటాను. అది అబద్ధం కాదు, అందుకని ఇన్నేళ్లు సులువుగా అనగలిగాను.

ఇప్పుడు అవ్వ లేదు. ఆయుధ పూజ నాడు పసుపు రాయడం నేనే చేస్తాను. అమ్మ రొట్టెల చప్పుడు అలాగే ఉంది, కొంచెం నెమ్మదించింది. నేను ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. పిల్లల ముందు గొంతు వస్తుంది, పెద్దల ముందు ఇప్పటికీ రాదు. ఫ్యాక్టరీలో ఇప్పుడు రంగులు మిషన్ల చేతులే కొడతాయట, కారవట. బాపు బట్టల్లో థిన్నరు వాసన పోయింది, కొబ్బరినూనె వాసన, మందుల వాసన మిగిలింది. అప్పుడు నాకు చచ్చేంత తొందర ఉండేది. ఈ నెలలోపు, ఈ పండగలోపు, ఆ వెలుగు పోయేలోపు. పొద్దున లేస్తే గుండె దడ. ఆ దడను ఆశ అంటారని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఏ తొందరా లేదు. రావలసిన చీకటి వచ్చి మా ఇంట్లో కూర్చుంది, దాని చుట్టూ మేము కాఫీ తాగుతాం, అన్నం తింటాం. మొన్న నౌక ఆరిపోతే నా ఒళ్లు చల్లబడింది అందుకే. నాకు మిగిలిన పని అదొక్కటే, సాయంత్రం ఒక స్విచ్చి వేయడం. అది కూడా పోయింది. పోయినా ఎవరికీ ఏ తేడా లేదు. పడ్డది అనేస్తే చాలు. బాపు నవ్వి తల ఊపుతాడు. అలా రోజూ అనొచ్చు, ఆయన ఉన్నంత కాలం అనొచ్చు.

"పడ్డదా?" అని మొన్న ఆ సాయంత్రం బాపు మళ్లీ అడిగాడు.

ఆయుధ పూజ నాటి ఆయన ముఖం గుర్తొచ్చింది, చీకట్లోకి వంగి నవ్విన ముఖం. "పడలే బాపూ" అన్నాను. "ఆరిపోయింది."

దేవుడి గూటి దగ్గర అమ్మ చెయ్యి ఆగింది. బాపు ముఖం బీరువా వైపు అలాగే ఉంది.

"ఎప్పుడు ఆరింది?"

"ఇయ్యాలనే. నిన్న ఉండె."

"నిజంగ?"

"నిజంగ బాపూ."

తల ఊపాడు. "ఆరితె ఆరిందని చెప్పు. వెలిగితె వెలిగిందని చెప్పు. నాకు తెల్వకుంట మాత్రం ఆరిపోవద్దు" అన్నాడు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఇటు తే. బ్లేడు తెచ్చుకో."

నౌకను దించి ఆయన ఒళ్లో పెట్టాను. ముక్కు మీది పసుపును వేలితో తడిమాడు, విరిగిన చట్రాల దగ్గర ఆగాడు. నేను రొట్టెల పీట బోర్లించి ఎదురుగా కూర్చున్నాను. అమ్మ ముందు గది ట్యూబులైటు వేసింది, నా కోసం. బాపు బొటనవేలు నౌక పొట్ట మీదుగా, మెల్లగా, తొందరేమీ లేకుండా జరిగి, ఒకచోట ఆగింది.

"ఇక్కడ" అన్నాడు.